మూడో బల్బు

(ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం నాడు మా ఊరి ఫొటోగ్రాఫర్ల సంఘం సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. మాట్లాడిన తీరును పెద్దగా దిద్దలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి మైకు వినిపిస్తోందా? సరే.

ముందు ఒక ప్రశ్న. గాంధీగారు నేల మీద పరుపేసుకుని కూర్చుని ఏవో కాగితాలు చదువుకుంటూ ఉంటారు. ఆయన ముందర రాట్నం పెద్దగా, నల్లగా కనపడుతుంది. ఆ ఫొటో చూడనివాళ్ళు చెయ్యెత్తండి. ఒక్కరూ లేరు. ఇప్పుడు ఆ ఫొటో ఎవరు తీశారో తెలిసినవాళ్ళు ఎత్తండి. రెండు చేతులు. అందులో ఒకటి మన అధ్యక్షులవారిది, ఆయనకి నిన్న ఫోన్లో నేనే చెప్పాను. (నవ్వులు)

మన బతుకే అంత. పెళ్ళి ఆల్బమ్‌లో ఊరంతా ఉంటుంది, తీసినవాడు ఉండడు.

ఆ ఫొటో తీసినావిడ పేరు మార్గరెట్ బర్క్-వైట్. అమెరికా ఆవిడ. 1982లో వచ్చిన గాంధీ సినిమాలో కాండిస్ బెర్గెన్ వేసిన పాత్ర ఈవిడదే. ఆశ్రమానికి కెమెరా పట్టుకుని వచ్చే తెల్లావిడ, గుర్తొచ్చిందా? ఆ సినిమా చూస్తే ఈవిడేదో మర్యాదగా వచ్చి, మర్యాదగా ఫొటో తీసుకుని వెళ్ళిపోయిందనిపిస్తుంది. నాలుగేళ్ళు యుద్ధంలో తిరిగొచ్చిన మనిషి అని తట్టదు. ఈవిడ ఎక్కిన ఓడ మీద టార్పెడో పడింది. తలదాచుకున్న ఊరి మీద బాంబులు పడ్డాయి. బాంబులు వేసే విమానంలోనూ ఎక్కింది. ఆవిడ పనిచేసిన లైఫ్ పత్రిక ఆఫీసులో ఆవిడకి ముద్దుపేరు 'చావులేని మ్యాగీ'.

ఇవాళ ఆవిడ గురించి మాట్లాడతాను. పొగడడానికే వచ్చాననుకోకండి, మధ్యలో తిట్టేది కూడా ఉంది.

1904 జూన్ 14న న్యూయార్క్‌లో పుట్టింది. నాన్న జోసెఫ్ వైట్ ఇంజినీరు, అచ్చు యంత్రాలకి కొత్త కొత్త అమరికలు కనిపెట్టే మనిషి. మాట తక్కువ. ఆలోచనలో పడితే పక్కన బాంబు పడ్డా వినపడదు. అమ్మ మిన్నీ బర్క్ మహా గట్టిది. చీకటంటే భయపడుతోందని పిల్లని వెంటబెట్టుకుని రాత్రిళ్ళు ఇంటి చుట్టూ తిప్పి ఆ భయం పోగొట్టిందట. ఇక పిల్లకేమో పాములంటే సరదా. ఇంట్లో పెంచుకునేది. పాముల మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త అవ్వాలని ఆవిడ మొదటి కోరిక.

ఎనిమిదేళ్ళ వయసులో నాన్న ఒకసారి పోత కర్మాగారానికి తీసుకెళ్ళాడు. చీకటి షెడ్డు. ఉన్నట్టుండి కరిగిన లోహం ధారగా పడింది. ఆ వెలుగు ఆవిడ కళ్ళలో జీవితాంతం ఉండిపోయింది. నాన్నకి కెమెరా పిచ్చి ఉండేది. కూతురు మాత్రం ఆయన బతికున్నన్నాళ్ళూ కెమెరా ముట్టుకోలేదు. 1922లో ఆయన పోయారు. ఆ తర్వాత అమ్మ 20 డాలర్లు పెట్టి ఒక సెకండ్ హ్యాండ్ కెమెరా కొనిచ్చింది. లెన్స్ పగిలి ఉంది దానికి. ఇక్కడున్న కుర్రాళ్ళలో కొందరు పలానా లెన్స్ లేకపోతే పని చేయలేను అంటుంటారు. నేనేమీ అనను. (నవ్వులు)

చిన్న వయసులోనే పెళ్ళయింది, రెండేళ్ళకే విడిపోయారు. 1927లో డిగ్రీ చేతికొచ్చింది. క్లీవ్‌లాండ్‌లో ఒంటిగదిలో స్టూడియో పెట్టుకుంది. వంటా అక్కడే, ప్రింట్లూ అక్కడే. అమ్మవైపు ఇంటిపేరునీ నాన్న ఇంటిపేరునీ గీతతో కలిపేసి బర్క్-వైట్ అయింది.

ఇక్కడ కాసేపు ఆగుతాను. యుద్ధం కంటే ముందు జరిగిన కథే అయినా, మన పనివాళ్ళకి ఇదే ముఖ్యం.

ఆ ఊళ్ళో ఓటిస్ స్టీల్ అని ఉక్కు కర్మాగారం ఉండేది. దాని లోపల ఫొటోలు తీయాలని ఆవిడ పట్టు. ఆడవాళ్ళని అందులోకి రానివ్వరు. అంతకుముందెప్పుడో ఒక టీచరమ్మ లోపలికొచ్చి ఆ వేడికి కళ్ళు తిరిగి పడిపోయిందట, అప్పట్నుంచీ ఆ రూలు. ఈవిడ కంపెనీ అధ్యక్షుడి దగ్గర కూర్చుని ఒప్పించింది. ఆయన సరేనని యూరప్ వెళ్ళిపోయాడు. ఈవిడ రాత్రి తర్వాత రాత్రి లోపల గడిపింది. కెమెరాకి పూసిన రంగు ఆ వేడికి బొబ్బలెక్కింది, మొహం ఎండదెబ్బ తగిలినట్టు కందిపోయింది. తీరా ఫిల్మ్ కడిగితే ఏమీ లేదు!

ఎందుకో చెప్పుకోండి చూద్దాం. అప్పటి ఫిల్మ్‌కి ఎరుపు సరిగ్గా కనపడదు. మనం డార్క్‌రూమ్‌లో ఎర్రబల్బు వేసుకుని ప్రింట్లు వేసుకునేవాళ్ళం కదా, అలాంటిదే ఇదీ. కరిగిన ఉక్కు కంటికి సూర్యుడిలా ఉంటుంది, కానీ ఆ వెలుగంతా ఎరుపు, నారింజ. ఫిల్మ్ మీద మధ్యలో ఒక తెల్లమచ్చ, చుట్టూ కటిక చీకటి. అంతే. మనిషి లేడు, క్రేన్ లేదు, కొలిమి లేదు.

వారాల తరబడి ఇదే వరస. చివరికి ఊళ్ళు తిరిగే ఒక సేల్స్‌మన్ దొరికాడు. సినిమావాళ్ళ కోసం మెగ్నీషియం కాగడాలు అమ్ముకునేవాడు. అంటిస్తే తెల్లటి వెలుగు, కొంతసేపు మండుతుంది. అవి చేతబట్టుకుని మనుషులు కొలిమి పక్కన నిలబడ్డారు, ఈవిడ తీసింది. అప్పుడు పడ్డాయి ఫొటోలు. నిప్పురవ్వలు గాల్లో గీసిన గీతలు కూడా పడ్డాయి. కంపెనీ అధ్యక్షుడు తిరిగొచ్చి చూసి ఒక్కో ఫొటోకి 100 డాలర్లు ఇచ్చి కొన్నాడు.

నేను మొండితనం అన్నప్పుడల్లా మీరు ఈ కథ గుర్తుపెట్టుకోండి. ధైర్యం అనే మాట మనం చాలా తేలిగ్గా వాడేస్తాం. పేలుడు వినగానే అటు పరిగెత్తడం ధైర్యమే, కాదనను. కానీ ఐదు నెలల పాటు పాడైన నెగటివ్‌లు చూసుకుంటూ ఆరోనెల కూడా వెళ్ళడం ఉంది చూశారూ, ఆవిడ అసలు సరుకు అది. తర్వాత యుద్ధంలో చేసిందంతా దీనికి కొనసాగింపే. ఆవిడ చేసిన తప్పులు కూడా ఇందులోంచే వచ్చాయి. అది తర్వాత చెబుతాను.

ఆ ఉక్కు ఫొటోలు చూసి హెన్రీ లూస్ పిలిపించాడు. టైమ్ పత్రిక యజమాని. 1930లో ఆయనదే ఫార్చ్యూన్ పత్రిక మొదలైంది, అందులో ఈవిడ ఫొటోలు. సోవియట్ రష్యా వెళ్ళి కొత్తగా కడుతున్న ఫ్యాక్టరీలు తీసింది. న్యూయార్క్‌లో క్రిస్లర్ బిల్డింగ్ 61వ అంతస్తులో స్టూడియో, కిటికీ బయట ఉక్కు గద్ద తల. దాని మీదికి కెమెరాతో పాకుతూ వెళ్ళి ఫొటోలు తీసేది. అక్కడే రెండు మొసలి పిల్లల్ని పెంచుకుంది. పాముల పిచ్చి పోలేదన్నమాట. 1936 నవంబర్ 23న లైఫ్ పత్రిక తొలి సంచిక వచ్చింది, ముఖచిత్రం ఈవిడదే, ఫోర్ట్ పెక్ డ్యామ్. డ్యామ్ తీయమని పంపితే డ్యామ్‌తో పాటు ఆ కూలీల ఊళ్ళు, వాళ్ళ రాత్రిపూట బార్లు, బల్ల మీద కూర్చోబెట్టిన పసిపిల్ల, అన్నీ తీసుకొచ్చింది. యంత్రాల నుంచి మనుషుల వైపు తిరిగిన మలుపు అదే.

ఇక యుద్ధం.

1941లో మాస్కో వెళ్ళింది. హిట్లర్ రష్యా మీద పడతాడని ఆవిడ ఎడిటర్‌కి గట్టి నమ్మకం. సామాను 600 పౌండ్లు. మన లెక్కలో 270 కిలోల పైమాటే. ఐదు కెమెరాలు, 22 లెన్సులు, 3000 ఫ్లాష్ బల్బులు. అప్పట్లో ఒక్కో బల్బు ఒక్కసారే వెలిగేది. జూన్ 22న జర్మన్లు దాడి మొదలుపెట్టారు. అప్పటికి మాస్కోలో ఉన్న విదేశీ ఫొటోగ్రాఫర్ ఈవిడ ఒక్కతే. నెల తిరిగేసరికి రాత్రిళ్ళు బాంబులు.

సైరన్ మోగగానే హోటల్‌లో అందర్నీ నేలమాళిగకి తోలేవాళ్ళు. వార్డెన్లు గదిగదికీ వచ్చి చూస్తారు. ఈవిడ మంచం కింద దూరేది. వాళ్ళు వెళ్ళాక బయటికొచ్చి కిటికీలో కెమెరాలు నిలబెట్టి, షట్టర్లు తెరిచి వదిలేసేది. ఇక్కడ మన పనితనం చూడండి. ఆకాశంలో సెర్చ్‌లైట్లు తిరుగుతుంటాయి, విమాన విధ్వంసక గుళ్ళు నిప్పుగీతలు గీస్తుంటాయి, పైనుంచి జర్మన్లు వేసిన పారాచూట్ కాగడాలు దిగుతుంటాయి. క్రెమ్లిన్ శిఖరాలు నల్లగా ముందర. ఆ వెలుగే ఫొటో గీసుకుంటుంది, నువ్వు చేయాల్సిందల్లా ఎంతసేపు తెరిచి ఉంచాలో లెక్కపెట్టుకోవడం. దీపావళి రాత్రి మనం డాబా మీద ట్రైపాడ్ వేసుకుని చేసేది ఇదే. తేడా ఏమిటంటే మన చిచ్చుబుడ్డి మన మీద పడదు. తెల్లారేలోగా ఆ ఫిల్మ్ హోటల్ బాత్‌టబ్‌లో కడిగేది.

స్టాలిన్ ఫొటో కథ ఒకటి ఉంది. రూజ్‌వెల్ట్ దూత హ్యారీ హాప్కిన్స్ మాస్కో వచ్చినప్పుడు క్రెమ్లిన్‌లోకి అనుమతి దొరికింది. స్టాలిన్ మొహం రాతిబొమ్మలా ఉంది. ఎన్ని చెప్పినా కండరం కదలదు. ఈవిడ కింది కోణం కోసం మోకాళ్ళ మీద కూర్చోబోతే జేబుల్లోంచి చిన్న చిన్న ఫ్లాష్ బల్బులు, వేరుశనగక్కాయ సైజువి, గదంతా దొర్లాయి. ఈవిడా దుబాసీ నేల మీద పాకుతూ ఏరుకుంటుంటే స్టాలిన్ నవ్వాడు. ఆ నవ్వు ఉన్నంతసేపట్లో రెండు ఫొటోలు కొట్టేసింది. మళ్ళీ రాయి. ఆ రాత్రి కూడా బాంబుల మధ్యే ఫిల్మ్ కడుక్కుంది.

తర్వాత అమెరికా యుద్ధంలోకి దిగింది. ఈవిడ వైమానిక దళం గుర్తింపు తీసుకుని ఇంగ్లండ్ వెళ్ళింది. ఆడ విలేకరికి యూనిఫాం ఎలా ఉండాలో కూడా అప్పటికి ఎవరికీ తెలియదు, కొత్తగా కుట్టించారు. బాంబర్ల స్థావరంలో అన్నీ తీసింది. విమానం ఎక్కి దాడికి వెళ్తానంటే మాత్రం అబ్బే, ఒద్దన్నారు. ఉత్తర ఆఫ్రికాలో యుద్ధం మొదలైంది, అక్కడికి పంపమంది. పైఅధికారులు ఆలోచించి ఆలోచించి, ఆడమనిషి కదా, విమానం ప్రమాదం, ఓడలో పంపుదాం, క్షేమంగా ఉంటుంది అన్నారు.

ఆ ఓడ పేరు స్ట్రాథలన్. శాంతికాలంలో మన బొంబాయి మీదుగా ఆస్ట్రేలియా వెళ్ళే పి అండ్ ఓ కంపెనీ ఓడ. అందులో సైనికులు, నర్సులు కలిపి దాదాపు 5000 మంది. 1942 డిసెంబర్ 21, అర్ధరాత్రి దాటి రెండున్నర గంటలకి, ఉత్తర ఆఫ్రికాలోని ఒరాన్ రేవు ఇంకా కొంత దూరంలో ఉందనగా, జర్మన్ జలాంతర్గామి కొట్టింది.

ఈవిడ గదిలోకి పోయి, ఉన్న సామానంతా చూసి, ఒక్క సంచి తీసుకుంది. కెమెరాలు, కొన్ని లెన్సులు, ఫిల్మ్. మిగతాదంతా వదిలేసింది. డెక్ మీదికొచ్చాక బాధ ఏమిటంటే ఓడ మునుగుతోందని కాదు, చీకట్లో ఫొటో పడదని! పడవలోకి దించారు. పడవ నిండా నీళ్ళు. ఇనప టోపీలతో తోడుతున్నారు. చుట్టూ నీళ్ళలో మనుషుల కేకలు. కాలు విరిగిన నర్సుని పైకి లాగారు. గంటల తరబడి అలా ఊగుతూ ఉన్నారు. తెల్లారగానే ఈవిడ కెమెరా తీసింది. పడవలో ఉన్నవాళ్ళని, దూరంగా కాలుతున్న ఓడని, తమని ఎక్కించుకోవడానికొస్తున్న డిస్ట్రాయర్ యుద్ధనౌకని తీసింది. చాలామంది బతికి బయటపడ్డారు.

ఒడ్డుకి చేరాక అమెరికా వైమానిక దళం జనరల్ డూలిటిల్‌ని కలిసింది. ఇంకా బాంబర్ ఎక్కాలని ఉందా అని అడిగాడు ఆయన. ఉందా అంటే! టార్పెడో తిన్నదాన్ని ఇంకేమని ఆపుతాం అనుకున్నట్టున్నాడు, సరేనన్నాడు.

1943 జనవరి 22. ట్యునిస్ దగ్గర ఎల్ అవినా వైమానిక స్థావరం మీద దాడి. బి-17 బాంబర్ విమానం. అమెరికా యుద్ధ విమానంలో దాడికి వెళ్ళిన తొలి మహిళ ఈవిడే. ఆ విమానాల్లో మనం ఎక్కే విమానాల్లాగా వెచ్చగా ఉండదు. ఆ ఎత్తులో ఆక్సిజన్ గొట్టం ఊడితే నిమిషాల్లో స్పృహ పోతుంది. చలికి లోహాన్ని ఉత్తచేత్తో ముట్టుకుంటే చర్మం అంటుకుని ఊడొస్తుంది. లావుపాటి గొర్రెతోలు బట్టలు, కరెంటుతో వేడెక్కే చేతి తొడుగులు. ఆ తొడుగులతో షట్టర్ నొక్కాలి, ఫిల్మ్ మార్చాలి. ముందు నేల మీద సాధన చేసుకుందట, కెమెరా ఎక్కడ పెట్టుకోవాలి, ఏ కిటికీ నుంచి ఏ కిటికీకి ఎలా పాకాలి అని. అక్కడా అదే కసరత్తు, అదే మొండితనం. ఆ గొర్రెతోలు దుస్తుల్లో, చేతిలో పెద్ద కెమెరాతో నవ్వుతూ నిలబడ్డ ఫొటో ఒకటి ఉంది. సైనికులు దాన్ని గోడలకి అంటించుకున్నారు.

ఇటలీలో కొండల మధ్య యుద్ధం కూడా తీసింది. దాని గురించి ఒక్కటే చెబుతాను. గుళ్ళ వర్షం మధ్య ఒక ఫీల్డ్ ఆస్పత్రిలో నర్సులు, డాక్టర్లు రాత్రంతా పనిచేస్తుంటే తీసిన ఫిల్మ్, ఆవిడ ఉద్దేశంలో ఆ ఏడాది తీసినవాటిలో గొప్పది, అమెరికా సైన్యం ప్రధాన కార్యాలయం పెంటగాన్‌లో ఎక్కడో పోయింది. దొరకలేదు. మెమరీ కార్డు కరప్ట్ అయితే మనకి రెండ్రోజులు అన్నం సహించదు.

1945 ఏప్రిల్. అమెరికా జనరల్ ప్యాటన్ సేనతో పాటు జర్మనీలోని బుకెన్‌వాల్డ్ చేరింది. నాజీల నిర్బంధ శిబిరం. కట్టెల్లా పేర్చిన శవాలు. కంచె వెనక చారల బట్టల్లో నిలబడ్డ మనుషులు, విడుదలయ్యామన్న సంతోషం కూడా మొహాల్లో లేదు. చూపు మాత్రం ఉంది. పక్కనే ఉన్న వైమార్ పట్టణం జనాన్ని ప్యాటన్ బలవంతంగా నడిపించి తెప్పించి ఇదంతా చూపించాడు. వాళ్ళు మొహాలు తిప్పుకుంటూ 'మాకు తెలియదు, మాకు తెలియదు' అన్నారట. ఆవిడ దాన్ని కూడా తీసింది, మొహాలు తిప్పుకోవడాన్ని.

అప్పుడు ఎలా తీయగలిగావని అడిగితే, కెమెరా తనకీ ఆ ఘోరానికీ మధ్య ఒక తెరలాగా నిలబడిందని ఆవిడ రాసుకుంది. ఏం తీసిందో ప్రింట్లు చూసేదాకా తనకే తెలియలేదట. ఈ మాట నాకు తెలుసు. మీలో పత్రికల్లో పనిచేసినవాళ్ళకీ తెలిసే ఉంటుంది. రైలు ప్రమాదం దగ్గర ఫోకస్, అపర్చర్ తప్ప ఇంకేమీ కనపడవు. ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే అప్పుడు మొదలవుతుంది వణుకు.

ఆ తెర మంచిదేనా? ఇప్పుడు ఇండియాకి వద్దాం.

1946లో వచ్చింది, తర్వాత 1947లో మళ్ళీ వచ్చి 1948 దాకా ఉంది. మన దేశపు ఫొటోగ్రాఫర్ సునీల్ జానాతో స్నేహం కుదిరి, దక్షిణాదిలో కరువు ప్రాంతాలకి ఇద్దరూ కలిసి వెళ్ళారు. 1946 ఆగస్టులో కలకత్తా అల్లర్లు. వీధుల్లో శవాలు, గోడల మీద వరసగా కూర్చున్న రాబందులు. బుకెన్‌వాల్డ్ చూసిన మనిషికి కూడా అది మళ్ళీ గుర్తొచ్చింది.

తర్వాత విభజన. కోటి మందికి పైగా అటూ ఇటూ కదిలారు. మైళ్ళ పొడవు ఎడ్లబండ్ల బారులు. భార్యని భుజాల మీద మోస్తూ నడుస్తున్న ముసలాయన, ఢిల్లీ పురానా ఖిలా శిబిరంలో గోడ మీద తల పట్టుకుని కూర్చున్న కుర్రాడు. మన స్కూలు పుస్తకాల్లో, పత్రికల్లో విభజన అనగానే వేసే ఫొటోల్లో చాలా మటుకు ఈవిడవే. అవి లేకపోతే మన దక్షిణాదివాళ్ళకి విభజన అనేది పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్నగా మిగిలిపోయేది.

అయితే, ఆవిడతో పాటు తిరిగిన లైఫ్ విలేకరి లీ ఐటింగన్ తర్వాత ఒక సంగతి చెప్పింది. నడిచి వెళ్తున్న కాందిశీకుల్ని బర్క్-వైట్ ఆపి, మళ్ళీ వెనక్కి వెళ్ళి నడిచి రమ్మంది. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. ఫ్రేము కుదరలేదు. వాళ్ళు కాదనడానికి కూడా భయపడి, చెప్పినట్టు చేశారు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, తిండిలేక నడుస్తున్న మనుషులు వాళ్ళు.

ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఎక్కువసేపు నిలవలేదు. ఎందుకో చెబుతాను.

1990 మే తుపాను. నాకు ఇరవై నాలుగేళ్ళు, ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. రేపల్లె అవతల ఒక ఊరి బడిలో జనాన్ని ఉంచారు. ఒకాయన, నాకంటే పదేళ్ళు పెద్దుంటాడు, నిద్రపోతున్న కూతుర్ని ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డాడు. వెనక అంతా నీళ్ళు. తీశాను. ఫ్లాష్ వెలగలేదు, చార్జ్ కాలేదింకా. ఈలోగా ఆయన పాపని కింద పడుకోబెట్టాడు. 'అన్నా, ఒక్కసారి మళ్ళీ ఎత్తుకోవా' అన్నాను. ఆయన నా మొహం చూశాడు. ఎత్తుకున్నాడు. పాప లేచి ఏడుపు మొదలుపెట్టింది. ఆ ఏడుపుతోనే ఫొటో ఇంకా బాగా వచ్చింది. మొదటి పేజీలో వేశారు. అందరూ మెచ్చుకున్నారు. ఆయన పేరు నేను అడగలేదు.

అందుకని బర్క్-వైట్‌ని తిట్టే అర్హత నాకెంతుందో నాకే తెలియదు. కానీ తిట్టాలి. ఉక్కు కర్మాగారంలో కొలిమిని పదిసార్లు తీయొచ్చు, కొలిమికి కాళ్ళు నొప్పెట్టవు. ఆ అలవాటు మనుషుల దగ్గరికి తెచ్చింది ఆవిడ.

ఇప్పుడు రాట్నం దగ్గరికి.

1946, పూనా. గాంధీగారిని రాట్నం దగ్గర తీయాలని వెళ్ళింది. కార్యదర్శి అడిగాడట, నీకు నూలు వడకడం వచ్చా అని. రాదంది. వడకడం రానిదానివి వడికే మనిషిని ఏం అర్థం చేసుకుని తీస్తావు, ముందు నేర్చుకో అన్నాడు. ఫొటో తీయడానికొచ్చిన లైఫ్ ఫొటోగ్రాఫర్ కూర్చుని రాట్నం తిప్పింది, దారం తెగుతూ ఉంటే మళ్ళీ మళ్ళీ. మొండితనానికి సరైన మొండితనం ఎదురైందక్కడ. నాకు ఆవిడ జీవితంలో బాగా నచ్చే ఘట్టం ఇదే. ఎదుటివాళ్ళని మళ్ళీ మళ్ళీ చేయించే మనిషి చేత ఇంకొకరు మళ్ళీ మళ్ళీ చేయించారు!

నేర్చుకున్నాక ఇంకో రెండు షరతులు. ఇవాళ సోమవారం, బాపూజీకి మౌనం, పలకరించకూడదు. ఆయనకి ఫ్లాష్ వెలుగు ఇష్టం ఉండదు. బతిమాలితే మూడు బల్బులకి ఒప్పుకున్నారు. మూడే.

గది చీకటి. ఆయన వెనక పైన ఒక్క కిటికీ, దాని వెలుగు నేరుగా లెన్స్‌లోకి. మొదటి బల్బు వెలిగింది, కానీ తేమకి షట్టర్ తెరుచుకునే క్షణంతో కలవలేదు. చప్పుడు వింటేనే తెలిసిపోయింది ఆవిడకి. సరే, ఫ్లాష్ లేకుండా తీద్దామని ట్రైపాడ్ వేస్తే కాళ్ళు బిగుసుకుపోయి ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. రెండో బల్బు. చక్కగా కలిసింది. కానీ ప్లేటు ముందుండే స్లైడ్ తీయడం మరిచిపోయింది! పెద్దవాళ్ళు నవ్వుతున్నారు, కుర్రాళ్ళకి అర్థం కాలేదు. లెన్స్ మూత తీయకుండా ఫొటో తీయడం లాంటిది నాయనా. మాస్కోలో బాంబుల కింద, సముద్రంలో పడవ మీద చేయి తడబడని మనిషి, ముసలాయన కాగితాలు చదువుకుంటుంటే తడబడింది.

మూడో బల్బు పనిచేసింది.

ఇంకోటి గమనించారా? ఆ ఫొటోలో గాంధీగారు నూలు వడకడం లేదు. చదువుకుంటున్నారు. లైఫ్‌వాళ్ళు దాన్ని వెంటనే గొప్పగా ఏమీ వేయలేదు. ఆయన పోయాక 1948 ఫిబ్రవరిలో పెద్దగా వేశారు. అప్పట్నుంచీ అది మన గోడల మీద ఉంది.

తర్వాత గాంధీగారితో చనువు పెరిగింది. ఈవిడ బల్బులు పట్టుకుని వస్తుంటే 'అదిగో, హింసపెట్టే మనిషి వచ్చింది' అని వేళాకోళం చేసేవారట. సరదాకి అన్నదే అనుకోండి. నాకు మాత్రం ఆ మాట వెనక ఆ కాందిశీకులు నడిచిన పంజాబ్ రోడ్డు కనపడుతుంది.

1948 జనవరి 30న, ఇక దేశం విడిచి వెళ్ళేముందు, బిర్లా హౌస్‌లో ఆయన్ని ఇంటర్వ్యూ చేసింది. 125 ఏళ్ళు బతుకుతానన్నారే అని అడిగితే, ఆ ఆశ పోయిందన్నారు. అణుబాంబు గురించి అడిగింది. దాన్ని ప్రార్థనతో ఎదుర్కోవాలన్నారు. కొద్ది గంటలకి కాల్పులు. ఈవిడ దగ్గర్లోనే ఉంది, పరిగెత్తుకొచ్చింది. శరీరం ఉంచిన గదిలోకి కెమెరా దాచుకుని వెళ్ళి ఫ్లాష్ కొట్టింది. ఏడుస్తున్న జనం మండిపడ్డారు. ఫిల్మ్ తీసి పారేసి బయటికి పంపించారు. మళ్ళీ లోపలికి వెళ్ళాలని చూసింది, కుదరలేదు.

అదే సాయంత్రం, అదే ఇంటి దగ్గర హెన్రీ కార్టియే-బ్రెసాఁ అనే ఫ్రెంచాయన ఉన్నాడు. చేతిలో చిన్న లైకా కెమెరా, ఫ్లాష్ లేదు. గేటు దగ్గర నెహ్రూ జనానికి ఆ వార్త చెబుతుంటే, వీధి దీపం వెలుగులో తీశాడు. ఫొటో మసకగా ఉంటుంది. ఆ సాయంత్రం కూడా అలాగే ఉండి ఉంటుంది. ఇద్దరిలో ఎవరు గొప్ప అని నన్ను అడగొద్దు, ఆ రాత్రికి మాత్రం ఆయనే.

మిగిలింది త్వరగా చెప్పేస్తాను, భోజనాల వాళ్ళు అప్పుడే తొంగిచూస్తున్నారు. దక్షిణాఫ్రికాలో బంగారు గనుల్లోకి దిగి, చెమటలు కక్కుతున్న ఇద్దరు నల్లజాతి కార్మికుల్ని తీసింది. పేర్లు అడిగితే అక్కడ పేర్లుండవు, నంబర్లే అన్నారు. 1139, 5122. 1952లో కొరియా వెళ్ళింది. అక్కడ ఫిరంగుల ఫొటోలు అందరూ తీస్తున్నారు, ఈవిడ గెరిల్లాల్లో కలిసిపోయి తర్వాత లొంగిపోయిన ఒక కుర్రాణ్ణి పట్టుకుంది. కొడుకు చచ్చిపోయాడనుకున్న తల్లి దగ్గరికి వాడితో పాటు కొండదారిన నడిచి వెళ్ళింది. ఆ తల్లి కొడుకుని ఒళ్ళోకి లాక్కుని ఊపుతున్న ఫొటో తన పనిలో చాలా ముఖ్యమైనదని రాసుకుంది. ఆ తల్లిని మాత్రం మళ్ళీ చేయమని అడిగినట్టు ఎక్కడా లేదు.

ఆ రోజుల్లోనే ఎడమకాలు లాగడం మొదలైంది. భోజనం చేసి లేస్తే మూడడుగులు తడబాటు. తర్వాత చేతివేళ్ళు. పార్కిన్సన్స్ అనే నరాల జబ్బు. ఫిల్మ్ లోడ్ చేయలేని చేతులు. చాలాకాలం ఆఫీసులో చెప్పకుండా నెట్టుకొచ్చింది. డాక్టర్లు చెప్పిన కసరత్తులు, కాగితాలు ఉండలు చుట్టడం, తడిగుడ్డలు పిండడం, రోజూ మైళ్ళు నడవడం, ఉక్కు కర్మాగారం పట్టుతోనే చేసింది. 1957 తర్వాత లైఫ్‌కి ఫొటోలు తీయలేకపోయింది. 1959లో మెదడుకి ఆపరేషన్, 1961లో రెండోది. రెండోదాని తర్వాత నడక కొంత మెరుగైంది, మాట దెబ్బతింది.

ఆ మొదటి ఆపరేషన్ అప్పుడు ఆవిడ ఒక పని చేసింది. తోటి లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆల్‌ఫ్రెడ్ ఐసెన్‌స్టెట్‌ని రమ్మంది, తనని తీయమంది. గుండు గీసిన తల, కట్లు, వ్యాయామం చేస్తూ వంకరపోయే చేతులు, అన్నీ. ఒకప్పుడు విమానం ముందు నవ్వుతూ నిలబడ్డ మనిషి. అవన్నీ అదే లైఫ్‌లో దేశమంతా చూసింది. ఐసెన్‌స్టెట్ 'మార్గరెట్, ఇంకోసారి' అని ఎన్నిసార్లు అన్నాడో!

1971 ఆగస్టు 27న కనెక్టికట్‌లో చనిపోయింది. 67 ఏళ్ళు.

నా మాటలు చాలు. స్లైడ్లు నలభై దాకా తెచ్చాను. మొదటిది రాట్నం. రెండోది ఐసెన్‌స్టెట్ తీసింది, ఆ రెండూ పక్కపక్కనే పెట్టాను. బాబూ, ఆ ట్యూబ్‌లైట్ ఆపు. కిటికీ తెర కూడా వేసెయ్.